బొట్టు పెట్టిన స్కీలు

నా దగ్గర మంచు మీద జారడానికి చేత్తో చేసిన చెక్క స్కీలున్నాయని తెలిస్తే ఎర్లాంగెన్‌లో జర్మన్లు నన్ను కొంచెం గౌరవంగా చూస్తారు. మనవాళ్ళు కొంచెం జాలిగా చూస్తారు. "షాపుల మంచియి దొరుకుతయ్ గదక్కా, ఈ కట్టెలెందుకు?" అని కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ఒక స్టూడెంట్ ఎంతో నెమ్మదిగా అడిగింది. కొనుక్కోలేక కాదు తల్లీ. ఆ కట్టెల వెనక ఒక మనిషి ఉంది. ఆ మనిషి మీద కోపం నాకింకా చల్లారలేదు. కాబట్టి ఇదంతా కోపంగానే చెప్తాను. తక్కెడ పట్టుకుని తూచినట్టు చెప్పడం నాకు చేతకాదు.

ఆమెను నేను ఆపా అని పిలిచేదాన్ని. హైదరాబాద్ ముస్లింల ఇళ్ళలో అక్కను అలాగే పిలుస్తారు. నేను జార్‌బ్రూకెన్‌లో మాస్టర్స్ ముగించి ఎర్లాంగెన్‌లో ఉద్యోగానికి చేరిన మొదటి వారం, ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఫోన్‌లో మా అమ్మతో పోట్లాడుతున్నాను. నిజామాబాద్ గొంతు కదా, తగ్గించినా తగ్గదు. వెనక టేబుల్ నుంచి "మెల్లగ చెల్లె, నీ లొల్లి వంటింట్ల దాక ఇనబడ్తుంది" అని ఒక నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే తలకు ఆకుపచ్చ స్కార్ఫ్ కట్టుకున్న మనిషి, ఉడికిన బంగాళాదుంపల మీద తన సొంత డబ్బాలోంచి ఆవకాయ వేసుకుంటోంది. నా ప్లేటులోనూ ఒక ముక్క వేసింది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషినైపోయాను.

ఇల్లు దొరికేదాకా ఆమె ఇంట్లోనే ఉన్నాను; ఆమె భర్త హైదరాబాద్‌లోనే ఉండేవాడు. నా చిరునామా నమోదుకు, అదే అన్మెల్డుంగ్‌కు, ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసింది ఆమె. జ్వరమొస్తే కిచిడీ వండి పెట్టింది ఆమె. రంజాన్ నెలలో నాకు ఉపవాసం లేకపోయినా ఇఫ్తార్ ప్లేటు మాత్రం ఉండేది. బతుకమ్మకు పూలు లేవని నేను మొహం వేలాడేస్తే సైకిల్ మీద ఊరంతా తిరిగి బంతిపూలు పట్టుకొచ్చింది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, పరాయివాళ్ళు మోసం చేస్తే దాన్ని మోసం అంటాం, మర్చిపోతాం. ఇది అలాంటిది కాదు.

ఆపా సామిల్లు వాళ్ళ ఇంట్లో పుట్టింది. వాళ్ళ నాన్నకు హైదరాబాద్‌లో కలప వ్యాపారం. చిన్నప్పుడు రంపం పొట్టులో ఆడుకున్న మనిషి, చెక్కను వేలితో తట్టి అది తడిదో ఎండినదో చెప్పేది. ఇక్కడికొచ్చాక మొదటి చలికాలం కొండల్లో ఒక శిక్షణకు వెళ్ళి చెక్క స్కీలు చేయడం నేర్చుకుంది. తర్వాత ఊళ్ళో పదిమంది కలిసి వాడుకునే ఒక వడ్రంగి షెడ్డులో సభ్యురాలిగా చేరింది. నేను ఆమె వెంట తోకలా వెళ్ళి చేరాను.

మనం సినిమాల్లో చూసే, కొండ మీంచి ఝామ్మని జారే ఆట కాదిది. లాంగ్‌లౌఫ్ అంటారు. అడవిలో మంచు మీద రెండు గాడులు తీసి ఉంచుతారు. వాటిలో స్కీలు పెట్టి నడకా కాదు, జారుడూ కాదు, రెండూ కలిసినట్టు పోవాలి. ఎగుడు వస్తే స్కీల మీదే ఎక్కాలి. అందుకని ఆ స్కీల తయారీలో ఒక కిటుకుంది. నేల మీద పెడితే ముందూ వెనకా కొసలు ఆనుతాయి, నడుము మాత్రం కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఆ నడుము అడుగున జిగురుగా ఉండే మైనం రాస్తారు. ఒంటి బరువంతా ఒక కాలి మీద వేస్తే నడుము వంగి మైనం మంచును పట్టుకుంటుంది, మనిషి ముందుకు అడుగు వేయగలుగుతుంది. బరువు రెండు కాళ్ళ మీదకూ పంచితే నడుము లేస్తుంది, స్కీ జారుతుంది. కాబట్టి స్కీని మనిషి బరువును బట్టి చెయ్యాలి. ఒకరి చెప్పులు ఇంకొకరు తొడుక్కోవచ్చునేమో గాని ఒకరి స్కీలు ఇంకొకరికి పనికిరావు.

దీనికి పరీక్ష కూడా చాలా తేలిక. మనిషి స్కీల మీద నిలబడితే, స్కీ నడుము కింద ఒక కాగితం పెడతారు. రెండు కాళ్ళ మీద నిలబడితే కాగితం జారి బయటికి రావాలి. ఒక్క కాలి మీద నిలబడితే ఇరుక్కుపోవాలి. ఆపా తన జత చేసుకున్నప్పుడు నేనే కాగితం లాగాను. ఇరుక్కోగానే "దేఖా?" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నా జతకు చెక్క నేనే ఎంచుకున్నాను. ఎష అనే చెట్టుది. మనం టేకును నమ్మినట్టు వీళ్ళు దీన్ని నమ్ముతారు, వంగుతుంది గాని విరగదు. ఒక పలకలో నల్లటి చార ఒకటి నదిలా మెలికలు తిరిగి ఉంది. షెడ్డులో ఎవరో దాన్ని లోపమన్నారు. "నాకదే కావాలె" అన్నాను. ఎండాకాలం శనివారాలన్నీ దాని మీదే గడిచాయి. ఆపా కోసింది, చెక్కింది. నేను ఉప్పు కాగితంతో రుద్దాను. రుద్దీ రుద్దీ నా వేళ్ళ కొసలు నున్నబడి, ఫోన్ నా వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది. నాది యాభై నాలుగు కిలోల బరువు. ఆపా దాన్ని షెడ్డు గోడ మీద పెన్సిల్‌తో రాసుకుని, "లావు కాకు మరి, నీకోసం మళ్ళ ఇంకో జత చెక్కను" అని బెదిరించేది.

స్కీల ముక్కులను, అంటే ముందు కొసలను, ఆవిరి పట్టి పైకి వంచడమొక్కటే మిగిలింది. అప్పుడు నేను నెల రోజులకు ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఎయిర్‌పోర్ట్‌లో ఆపా మొహం వాడిపోయి ఉంది.

"మాఫ్ చెయ్ చెల్లె. ఆవిరి పట్టంగ నీ పలక పగిలింది. ముక్కు కాడికి చీలిపోయింది. చూస్తే ఏడుస్తవని పారేసిన. ఇంకో చెక్కతోటి చేసిచ్చిన."

నేను ఆమెను ఓదార్చాను. ఇది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే నవ్వొస్తుంది. "చెక్కదేముంది ఆపా, నువ్వు బాధపడకు" అంటూ ప్రయాణపు బట్టలతో, నిద్రలేని కళ్ళతో, ఆమె వీపు నిమిరాను.

కొత్త జతను ఆమె దసరా రోజు మా ఇంటికి తెచ్చింది. తెల్లగా, మచ్చ లేకుండా, చెక్క తడవకుండా అడుగున పూసే తారు వాసనతో ఉంది. మన ఇళ్ళలో దసరాకు ఏం చేస్తారో తెలుసు కదా. బండికి, కుట్టుమిషనుకు, రైతు ఇంట నాగలికి, ఆఖరికి మా నాన్న కాలిక్యులేటర్‌కు కూడా బొట్టు పెట్టే ఇల్లు మాది. నేను స్కీలను గోడకు నిలబెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బాల్కనీలో కాసిన రెండు బంతిపూలు ముక్కులకు కట్టి హారతిచ్చాను. నిమ్మకాయలు అడుగున పెట్టి తొక్కించాను కూడా. ఆపా సోఫాలో కూర్చుని ఫోటోలు తీసింది. ఆమె జాకెట్ జేబులో ఎప్పటిలాగే పరీక్షకని మడతపెట్టిన కాగితం ఉండే ఉంటుంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్ళిందో లేదో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. నేను అన్నది మాత్రం బాగా గుర్తుంది. "పరీక్షలేం వద్దాపా. నువ్వు చేసినదానికి పరీక్షా?" అని, కాళ్ళకు తొడుక్కోబోయే వస్తువును తీసి కళ్ళకద్దుకున్నాను.

"అట్లనే కానీ" అంది ఆపా. ఒక జర్మన్ పిల్లయితే ముందు కాగితం పెట్టి చూసుకునేది. నేను బరువు చూసుకోవాల్సిన చోట బొట్టు పెట్టాను.

ఆ చలికాలం మొదటి మంచుకు రైలెక్కి ఫిష్టెల్‌గెబిర్గె కొండలకు వెళ్ళాం. సమంగా ఉన్న చోట బాగానే జారాను. అడవిలో మొదటి ఎగుడు రాగానే నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. ముందుకు ఒక అడుగు వేస్తే వెనక్కి ఒకటిన్నర జారుతోంది. ముందు వెళ్తున్న ఆపా గట్టు మీద నిలబడి "బరువు ముందరికెయ్ చెల్లె, ముందరికి!" అని అరుస్తోంది. వేశాను. బోర్లా పడ్డాను. వెనక వస్తున్న ఒక జర్మన్ తాత, ఆయన వెనక ఆయన మనవరాలు, నన్ను తప్పుకుని ఎక్కిపోయారు. ఆ పిల్లకు ఆరేళ్ళుంటాయేమో. ఎక్కుతూ ఎక్కుతూ నాకు చెయ్యి ఊపింది.

అలా రెండు చలికాలాలు. నేను పడని ఆదివారం లేదు. మైనం ఎక్కువ రాశాను, తక్కువ రాశాను. ఇంట్లో గోడ పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడి పళ్ళు తోముకున్నాను. పొట్ట కండరాలు గట్టిపడాలని జిమ్‌లో చేరాను. క్లాసుకు వెళ్తానంటే ఆపా మొహం చిన్నబుచ్చుకుంది. "నేనుండంగ నీకు క్లాసెందుకు?" అంది. ఆ మాటకు నా గుండె పొంగిపోయింది. ఒకసారి విసుగొచ్చి అక్కడి షాపులో ప్లాస్టిక్ స్కీలు అద్దెకు తీసుకోబోతే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా చేతుల్తోటి చేసినయ్ ఇడిసిపెట్టి గవ్వి తొడుగుతవా?" అంది. వెంటనే చేతిలోవి అక్కడే పెట్టేశాను. అలా అద్దెకు తీసుకుని ఒక్కసారి ఎక్కి ఉంటే ఆ రోజే బయటపడేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకు ఆ సంగతి తెలుసు. ఆ కన్నీళ్ళు నిజమో, నా కాళ్ళకు అడ్డం వేసిన కర్రో నాకు ఈనాటికీ తెలియదు.

రెండో చలికాలంలో దిగుడులో పడి ముంజేయి ఎముక చిట్లింది. నడుము వంగని గట్టి స్కీలు ఎగుడులో ఎంత జారతాయో దిగుడులో అంత పరుగెడతాయి. కట్టు కట్టించుకుని ఆఫీసుకు వెళ్తే అందరూ చుట్టూ మూగారు. మేమిద్దరం పనిచేసేది ఒకే గ్రూపులో; ఆపా ఆ గ్రూపు వాళ్ళందరి ముందూ నా పడడాన్ని అభినయించి చూపించింది. చేతులు గాలిలో ఆడించి, వెనక్కి జారుతూ, నా మొహంలా మొహం పెట్టి. అందరూ నవ్వారు. మా గ్రూపు హెడ్ కూడా నవ్వింది. ఆమె ఒక సన్నటి, చిన్న జర్మన్ మనిషి, ఎత్తులో నాకు సరిగ్గా సమానం. నేనూ నవ్వాను, ఏం చేస్తాను? "స్కీలే కాస్త గట్టిగున్నయేమో ఆపా" అని ఆ సాయంత్రం బస్టాప్‌లో భయం భయంగా అన్నాను. ఆమె నా భుజం తట్టి, మన సామెతే నా మీద విసిరింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్లుంది నీ ముచ్చట."

ఆ మాట నేను నమ్మాను. అన్నిటికంటే మంట పుట్టించేది అదే. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందని, నిజామాబాద్ ఎండలో పెరిగిన కాళ్ళకు మంచు రాదని, పోనీ ఈ దేశమే నాకు రాదని, ఎక్కడెక్కడికో పోయింది నా ఆలోచన. ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇవ్వడానికి లేచినా ఆ ఎగుడే గుర్తొచ్చేది, కాళ్ళు వెనక్కి జారుతున్నట్టే ఉండేది.

ఆ చలికాలం చివర్లో మా గ్రూపంతా బస్సులో అదే కొండలకు ఒక రోజు విహారానికి వెళ్ళాం. నా చేతి కట్టు విప్పేశారు. నాకు వెళ్ళాలని లేదు. ఆపా కూడా ఎందుకో "రెస్ట్ తీస్కో చెల్లె, నువ్ రాకు" అని రెండుసార్లు అంది. అదిగో, ఆ మాటకే మొండితనం పుట్టి వెళ్ళాను. గ్రూపు హెడ్ తన కారులో వేరుగా వచ్చింది. పార్కింగ్‌లో డిక్కీ తెరిచి చెక్క స్కీలు బయటికి తీసింది.

ఎడమ స్కీ మీద నల్లటి చార. నదిలా మెలికలు తిరిగి.

దాన్ని నేను ఎన్ని శనివారాలు రుద్దానో నా వేళ్ళకు తెలుసు. మొదట నాకు కోపం కూడా రాలేదు. పోయిందనుకున్న మనిషి సంతలో ఎదురుపడితే ఎలా ఉంటుందో అలా నిలబడిపోయాను. "చాలా అందంగా ఉన్నాయి, ఎక్కడివి?" అని జర్మన్‌లో అడిగాను.

ఆమెకు దాచడానికి ఏమీ లేదు. మొన్నటి శరత్కాలంలో కాదు, అంతకు ముందు శరత్కాలంలో, తన పుట్టినరోజుకు మీ స్నేహితురాలే ఇచ్చిందని సంతోషంగా చెప్పింది. ఫోటో చూసి ముచ్చటపడి ఒక జత చేసిస్తావా అని అడిగిందట. అదృష్టవశాత్తూ సరిగ్గా తన బరువుకు తగినవి ముందే చేసి ఉన్నాయట. ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దందట ఆపా, అందరూ తమకూ కావాలంటారని. "కానీ మీకు తెలిసే ఉంటుందిగా, మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళలా ఉంటారు" అంది ఆ పిచ్చితల్లి.

మధ్యాహ్నం అడవి మధ్యలో ఉన్న చిన్న హోటల్‌లో సూప్ తాగాక, హెడ్ మిగతావాళ్ళకు తన స్కీల గొప్పతనం చూపించాలనుకుంది. శాండ్‌విచ్ చుట్టుకొచ్చిన కాగితం తీసి, నేల మీద స్కీల మీద నిలబడి, నన్ను లాగమంది. రెండు కాళ్ళ మీద నిలబడితే వచ్చింది. ఒంటికాలి మీద నిలబడితే ఇరుక్కుంది. నేను రుద్దిన చెక్క, నా బరువుకు చెక్కిన నడుము, కాగితాన్ని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు మీవి" అని హెడ్ ఉత్సాహంగా నన్ను నిలబెట్టింది.

నా కుడి కాలి మీద బరువంతా వేసి నిలబడ్డాను. ఆమె కాగితం లాగింది. హాయిగా వచ్చేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చింది. ఆమె నవ్వడం మానేసింది.

"ఇవి మీకు చేసినవి కావు. చాలా బరువున్న మనిషివి. వీటితో ఇన్నాళ్ళూ ఎగుడు ఎలా ఎక్కారు?"

"ఎక్కలేదు" అన్నాను.

ఆపా కిటికీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. అప్పుడు నాకు తట్టింది ఆ చాలా బరువున్న మనిషి ఎవరో. ఆపా భర్త. ఎత్తు నా అంతే, బరువు మాత్రం నాకు రెండింతలు. నేను షెడ్డుకు రాకముందు ఆయన హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఆమె ఎంతో ప్రేమగా ఒక జత చేసిందని, ఆయన ఒక్కసారి తొడుక్కుని పడి "తౌబా" అని వాటి మొహం చూడలేదని తానే నాకు నవ్వుతూ చెప్పింది. అవి ఇంటి కింద నేలమాళిగలో, కెల్లర్‌లో, పడి ఉన్నాయని కూడా చెప్పింది. పైన కాస్త గీకి, కొత్తగా తారు పూసి, నాకు అంటగట్టింది. నేను వాటికి హారతిచ్చాను.

తిరుగు బస్సులో ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది. తెలుగులో పోట్లాడుకోవడంలో ఒక సుఖముంది. గొంతు తగ్గించి, మొహాలు మామూలుగా పెట్టుకుంటే బస్సులో ఒక్కరికి కూడా తెలియదు.

"నా పలక పగిలిందన్నవ్" అన్నాను.

"అప్పుడు నాది పర్మనెంట్ కాదు చెల్లె. కాంట్రాక్ట్ అయిపోవస్తుంది. ఆమె నోరు తెరిచి అడిగింది. పుట్టినరోజు దగ్గరకొచ్చింది. కొత్తది చేసే టైం లేదు. నేనేం చెయ్యాలె?"

"నన్నడగాలె. ఫోన్ చేస్తే నేనే ఇయ్యమందును గద."

"ఎరికే" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ అంది. "నువ్ ఇస్తవని ఎరికే. గందుకే అడగలె. నీ తాన అడుక్కున్నట్లైతుండె."

అంటే నా దగ్గర అడిగి చిన్నబోవడం కంటే, నన్ను మంచులో పడేయడం ఆమెకు తేలికైంది. అన్ని నెలలు ఆమె ఇంట్లో ఆమె అన్నం తిన్నప్పుడు నేను చిన్నబోయానా? పెట్టే చెయ్యి తనదే కావాలి, ఎప్పటికీ. నేను పెట్టే అవకాశం ఒక్కసారి వస్తే దాన్ని దొంగతనం చేసింది.

"సరే, ఇచ్చినవ్. మరి నాకు బావ స్కీలెందుకు ఇచ్చినవ్? ఏం లేవని చెప్తే అయిపోయేది గద."

"నువ్ ఉత్త చేతులతోటి ఉంటే నాకు మంచిగనిపియ్యలె."

"నేను పడుతుంటే మంచిగనిపించిందా?"

ఆమె స్కార్ఫ్ కొస లాక్కుని కళ్ళకద్దుకుంది. "మొదలు చెప్పలేకపోయిన. తర్వాత నువ్ పడుతుంటే చెప్పనీకి నోరు రాలె. కసమ్, రాలె" అంది. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. స్కీలు పోతే పోయాయి. నా కాళ్ళది తప్పని రెండేళ్ళు నన్ను నమ్మించిందే, ఆ రెండేళ్ళు నేను ఏ గోడకేసి తల కొట్టుకుంటే తిరిగొస్తాయి?

ఇంతటితో తెగిపోయి ఉంటే బాగుండేది. తెగలేదు. ఇక్కడ మనకు మనుషులు తక్కువ. పండగకు తలుపు తట్టేవాళ్ళు తక్కువ. ఎండాకాలమంతా ఆమె ఆ షెడ్డులో ఒక్కతే కూర్చుని కొత్త జత చేసింది. నన్ను రమ్మని పిలవలేదు. చలి మొదలయ్యే ముందు తెచ్చి నా గుమ్మం ముందు పెట్టి, జేబులోంచి కాగితం తానే తీసి, "ముందు చూస్కో" అంది. ఈసారి బొట్టు పెట్టలేదు, పువ్వు కట్టలేదు. హాల్లో నేల మీద నిలబడ్డాను. కాగితం రెండు కాళ్ళకు వచ్చింది, ఒంటికాలికి ఇరుక్కుంది. అంత సరిగ్గా సరిపోయేసరికి నాకు సంతోషం కంటే ముందు కోపమొచ్చింది. ఆమెకు చేతకాక కాదు అని అప్పుడు పూర్తిగా అర్థమైంది. అయినా లోపలికి రమ్మన్నాను. చాయ్ పెట్టాను. మళ్ళీ ఆపా అని పిలిచాను.

జనవరిలో కొత్తగా వచ్చిన స్టూడెంట్లను నలుగురైదుగురిని వెంటేసుకుని మళ్ళీ ఆ కొండలకే వెళ్ళాం. వాళ్ళంతా అద్దె స్కీల మీద కోడిపిల్లల్లా అటూ ఇటూ పడుతూ, కేకలు పెడుతూ ఉన్నారు. ఆ ఎగుడు వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి కుడి కాలి మీద బరువు వేశాను. మంచు పట్టుకుంది. ఎడమ కాలు వేశాను. పట్టుకుంది. అంతే. మెట్లెక్కినట్టు ఎక్కిపోయాను. మధ్యలో నాకు తెలియకుండానే నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. నా కాళ్ళకు ఏ లోపమూ లేదు. మొదటి నుంచీ లేదు.

పిల్లలు ఎలాగో పాక్కుంటూ పైకి చేరారు. "అక్కా, సూపర్ ఎక్కినవ్! ఎట్ల నేర్చుకున్నవ్?" అని ఒకమ్మాయి రొప్పుతూ అడిగింది. నేను నోరు తెరిచేలోపల ఆపా నా భుజం మీద చెయ్యి వేసింది.

"నేను నేర్పిన. రెండేండ్లు పట్టింది. పడని దినం లేదు పాపం. ఇంకొకలైతే ఇడిసిపెడుదురు. నేనే ఇడువలె, ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు లేపి నిలవెట్టిన."

పిల్లలంతా ఆమెను ఆరాధనగా చూశారు. నేను ఆమె మొహంలోకి చూశాను. బస్సులో ఏడ్చిన మొహమే. అందులో దాపరికం ఏమైనా కనిపిస్తుందేమోనని వెతికాను. లేదు. ఆమె వాళ్ళకు అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు అదే నిజమైపోయింది. నేను పడ్డ రెండేళ్ళు కూడా ఆమె నాకు పెట్టిన అన్నంలో కలిసిపోయాయి.

ఆమె చెయ్యి నా భుజం మీంచి తీసేశాను. "ఎవరి స్కీల మీద పడ్డనో గూడ చెప్పాపా వీళ్ళకు" అన్నాను.

ఆపా మొహం ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత పెద్దదానిలా, ఓపికగా, మొండికేసిన పిల్లను సముదాయించినట్టు అంది. "పిల్లల ముంగట ఏంది చెల్లె ఇది? అయిపోయిన ముచ్చట. ఎక్కినవ్ గద ఇప్పుడు, ఖుష్ ఉండు."

అవతలి వైపు దారి వాలుగా, ఖాళీగా ఉంది. నేను స్కీలు అటు తిప్పాను. కర్రలు మంచులో పొడిచి గట్టిగా తోసుకున్నాను. చెట్లు వెనక్కి పోవడం మొదలయ్యాక "చెల్లె, ఆగు! ఒక్క మాట విను, ఆగు!" అని ఆమె పిలవడం స్పష్టంగా వినిపించింది. ఆగడం నాకు వచ్చు. మడమలు బయటికి నెట్టి ఎలా ఆగాలో ఆమే నేర్పింది. నేను ఆగలేదు.